బడి తరువాతి తోడు: ప్రవర్తనా సమస్యలున్న బాలలకు సాయంకాల మార్గదర్శనం – రొళ్ల సరిహద్దు ప్రాంత నేపథ్యం

వ్యాస సంగ్రహం:

తరగతిలో తరచుగా కొట్లాడే, చెప్పిన మాట వినని, లేదా ఎవరితోనూ కలవక ముడుచుకుపోయే బాలలను ‘ప్రవర్తనా సమస్యలున్న పిల్లలు’ అని వ్యవహరిస్తున్నాం. బడి ముగిసిన తరువాత ఊరిలోని ఒక పెద్ద మనిషి లేదా యువతీయువకులు ఇటువంటి పిల్లలకు క్రమం తప్పకుండా ఇచ్చే తోడ్పాటు వారి ప్రవర్తనను ఏ విధంగా మారుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా రొళ్ల మండలం వంటి తెలుగు–కన్నడ సరిహద్దు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, 1823 నాటి బళ్లారి జిల్లా విద్యా నివేదికను, అనంతపురం ప్రాంతంలోని అనుబంధ పాఠశాలల అనుభవాన్ని, విదేశీ పరిశోధనల ఫలితాలను పరిశీలిస్తుంది. మార్గదర్శనానికి బలం పాఠం చెప్పడంలో కంటే నిలకడగల సంబంధంలో ఉందని, ఆ నిలకడ లోపిస్తే మేలుకు బదులు కీడు కలిగే అవకాశముందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రవర్తనా సమస్యలు, సాయంకాల మార్గదర్శనం, సరిహద్దు భాష, అనుబంధ పాఠశాల, బళ్లారి నివేదిక, రొళ్ల.

1. ఉపోద్ఘాతం:

“మొక్కై వంగనిది మానై వంగునా” అనే సామెత పిల్లల క్రమశిక్షణ గురించి తెలుగువారు తరచుగా ఉదాహరించేది. బాల్యంలోనే శ్రద్ధ వహించాలన్న హెచ్చరిక అందులో ఉంది. అయితే ‘వంచడం’ అన్న క్రియలో పెద్దల బలప్రయోగం కూడా ధ్వనిస్తుంది. మొక్కను పెంచే రైతు దాన్ని వంచడంకంటే పక్కన ఊతకర్ర నాటడమే ఎక్కువగా చేస్తాడు. ఈ వ్యాసం మాట్లాడేది ఆ ఊతకర్ర గురించి.

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009 తన 17వ సెక్షన్‌లో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. బెత్తాన్ని తొలగించిన చోట దానికి బదులుగా ఏమి ఉండాలన్న ప్రశ్న మాత్రం చాలా పాఠశాలల్లో అలాగే మిగిలింది. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఒక పిల్లవాడి కోపానికి కారణం వెదకడానికి ఉపాధ్యాయునికి వ్యవధి చాలదు. ఫలితంగా అటువంటి పిల్లవాడు మొదట వెనుక వరుసకు, ఆ తరువాత తరగతి బయటకు, చివరకు బడి బయటకు జరుగుతాడు. ఈ జరుగుబాటును ఆపగల మార్గాల్లో బడి తరువాతి మార్గదర్శనం ఒకటి.

ఇక్కడ ‘సాయంకాల మార్గదర్శనం’ అంటే ప్రైవేటు ట్యూషన్ కాదు. ట్యూషన్‌లో కేంద్రం పాఠ్యాంశం. మార్గదర్శనంలో కేంద్రం పిల్లవాడు. తల్లిదండ్రులు, బడి ఉపాధ్యాయుడు కాని మూడవ వ్యక్తి వారంలో నిర్ణీత దినాల్లో, నిర్ణీత సమయంలో, దీర్ఘకాలం పాటు ఒక బాలునికి లేదా కొద్దిమంది బాలలకు తోడుగా నిలవడం దీని లక్షణం.

2. పేర్లు పెట్టే భాష:

సమస్యను పరిష్కరించడానికి ముందు దానికి మనం పెడుతున్న పేర్లను పరిశీలించాలి. తెలుగులో పిల్లల ప్రవర్తనను సూచించే పదసంపద విస్తృతమైంది: అల్లరి, ఆకతాయి, గడుగ్గాయి, తుంటరి, పెంకి, మొండి, మొద్దు, పోకిరి. వీటిలో ‘గడుగ్గాయి’లో ముద్దు ఉంది, ‘పోకిరి’లో తీర్పు ఉంది. ఒకే పని చేసిన ఇద్దరు పిల్లల్లో కలిగిన ఇంటి బిడ్డ గడుగ్గాయి కావడం, కూలి ఇంటి బిడ్డ పోకిరి కావడం మన సమాజంలో అరుదు కాదు. పిల్లవాడు చేసిన పనితో పాటు అతని కులం, ఇంటి స్థితి కూడా ఆ పదాన్ని ఎంపిక చేస్తున్నాయి.

‘మొండి’ అన్న పదం మరింత గమనార్హం. మొండి కత్తి అంటే పదును పోయినది. మొండి చెయ్యి అంటే తెగిపోయినది. లోపాన్నీ నష్టాన్నీ సూచించే పదమే పట్టుదలగా ఎదురు తిరిగే పిల్లవాడికీ విశేషణమైంది. ‘మొద్దు’ కూడా చెక్క దుంగను సూచించే పదమే. “వాడు ఈరోజు కొట్టాడు” అనే వాక్యం ఒక సంఘటనను తెలుపుతుంది. “వాడు మొండివాడు” అనే వాక్యం ఒక స్వభావాన్ని నిర్ధారిస్తుంది. సంఘటనకు కారణం వెదకవచ్చు. స్వభావమని ఒకసారి నిర్ధారించిన తరువాత కారణం వెదకవలసిన అవసరమే కనిపించదు. మార్గదర్శకుడు చేసే మొదటి పని ఈ రెండవ రకం వాక్యాన్ని మొదటి రకంలోకి మార్చడం.

3. రొళ్ల: రెండు భాషల నడుమ బాల్యం:

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో రొళ్ల మండలం కర్ణాటక సరిహద్దున ఉంది. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ మండలాల్లో ఇంట కన్నడం మాట్లాడే కుటుంబాలు అనేకం. మడకశిర ప్రాంతంలో కన్నడ మాధ్యమ ప్రభుత్వ పాఠశాలలు కూడా ఉన్నాయి. వాన మీద ఆధారపడిన సేద్యం, పనుల కోసం బెంగళూరుకు వలస, అవ్వతాతల వద్ద మిగిలిపోయే పిల్లలు – ఇవి ఈ ప్రాంతపు జీవితంలో భాగం.

ఇంట కన్నడం, బడిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు ఎదురయ్యే పిల్లవాడి స్థితిని ప్రవర్తన కోణం నుండి చూడవలసి ఉంది. రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న మాటలే కొన్నిసార్లు తికమక పెడతాయి. కన్నడంలో ‘ఊట’ అంటే భోజనం. తెలుగులో నీటి ఊట. కన్నడంలో ‘తిండి’ అంటే ఉదయపు ఫలహారం లేదా చిరుతిండి. తెలుగులో మొత్తం ఆహారం. ఇటువంటి పదంతో సమాధానం చెప్పిన పిల్లవాణ్ణి చూసి తరగతి నవ్వుతుంది. ఆ నవ్వుకు కొందరు పిల్లలు మౌనంతో స్పందిస్తారు, కొందరు చేతులతో స్పందిస్తారు. మొదటివారిని ‘మొద్దు’ అని, రెండవవారిని ‘తుంటరి’ అని అంటాం. కన్నడంలో కూడా అల్లరి పిల్లవాణ్ణి ‘తుంట’ అనే అంటారు. సరిహద్దుకు రెండువైపులా నింద మాత్రం ఒకే ధాతువు నుండి పుట్టినట్లు వినిపించడం ఆలోచింపజేస్తుంది.

ప్రతి ప్రవర్తనా సమస్యకూ భాషే కారణమని దీని అర్థం కాదు. ఆకలి, ఇంటిలోని హింస, తల్లిదండ్రుల ఎడబాటు, వినికిడి లేదా చూపు లోపం, అభ్యసన వైకల్యం, అవధాన లోపం – వీటిలో ఏదైనా కావచ్చు. కారణం తెలుసుకోవడానికి పిల్లవాడి ఇంటి భాషలో అతనితో తీరికగా మాట్లాడగల మనిషి కావాలి. బదిలీపై వచ్చిన ఉపాధ్యాయునికి కన్నడం రాకపోవచ్చు. అదే వీధిలో ఇంటర్మీడియెట్ లేదా డిగ్రీ చదివిన యువతికి రెండు భాషలూ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. సరిహద్దు ప్రాంతంలో మార్గదర్శకుడు స్థానికుడై ఉండవలసిన అవసరం ఇక్కడి నుండే పుడుతోంది.

4. బళ్లారి నివేదిక (1823) – ప్రాంతీయ పూర్వరంగం:

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు తోడుగా నిలవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన దేశీయ విద్యా సర్వేలో భాగంగా బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక సమర్పించాడు. దాని ప్రకారం జిల్లాలో 533 విద్యాలయాలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. వీటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఈ నేలలో రెండు భాషల చదువు దాదాపు సమానంగా సాగిందనడానికి ఈ అంకెలు సాక్ష్యం. బాలికల సంఖ్య 60 మాత్రమే కావడం ఆ వ్యవస్థ పరిమితికి కూడా సాక్ష్యం.

క్యాంప్‌బెల్ వర్ణనలో రెండు పరస్పర విరుద్ధాంశాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ముందున్న విద్యార్థులు వెనుకబడినవారికి నేర్పే పద్ధతిని అతడు ఎంతగానో మెచ్చుకున్నాడు. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయానికి 1789లో బాధ్యత వహించిన ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దే ఇక్కడి బడిపిల్లలను చూసి, పిల్లల చేత పిల్లలకు నేర్పించే విధానాన్ని రూపొందించి, 1797లో లండన్‌లో ప్రచురించిన విషయం ప్రసిద్ధమే. అదే నివేదికలో శిక్షల వర్ణన కూడా ఉంది. బడికి మొదట చేరినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. ఆ తరువాత వచ్చినవారికి వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరిగేవి. సోమరిగా తలచిన బాలుణ్ణి చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు. మన పెద్దలు ‘కోదండం’ అని చెప్పుకున్న శిక్ష ఇదే.

అందరికంటే ఆలస్యంగా వచ్చే పిల్లవాడు సాధారణంగా ఇంటిలో పని ఎక్కువ ఉన్నవాడు, బడి మీద భయం ఉన్నవాడు. దెబ్బలు పెరిగేకొద్దీ భయం పెరుగుతుంది. భయం పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. ఈ వలయాన్ని శిక్ష తెంచలేదు. పక్కనే ఉన్న పెద్ద పిల్లవాడి తోడుకు తెంచగల శక్తి ఉంది. ఇంగ్లండు ఈ బడుల నుండి తీసుకొన్నది ఆ తోడునే. మనం మాత్రం ఆ తోడును మరచి శిక్షను చాలాకాలం నిలుపుకొన్నాం.

5. ఆధునిక అనుభవం – అనుబంధ పాఠశాలలు:

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఈ ప్రాంతంలో నిర్వహించిన అనుబంధ పాఠశాలలు ప్రస్తుత విషయానికి సమీప ఉదాహరణ. దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల వాడల్లో ప్రభుత్వ బడికి ముందు, తరువాత పిల్లలను కూర్చోబెట్టి చదివించడం వీటి విధానం. ఇవి ప్రవర్తనా సమస్యల కోసం ఏర్పడినవి కావు. బడిలో వెనుకబాటును పూరించడానికి ఏర్పడినవి. అయినా మార్గదర్శనానికి అవసరమైన మూడు లక్షణాలు వీటిలో ఉన్నాయి. స్థలం వాడలోనే ఉంటుంది. సమయం నిర్ణీతంగా ఉంటుంది. తల్లిదండ్రులకు కనిపించే చోట పని జరుగుతుంది.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన కృషి మరొక కోణాన్ని చూపుతుంది. పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే ఆ ఉద్యమంలో గ్రామ యువత కీలకపాత్ర వహించింది. బడికి పనికిరాడని ఊరు తీర్మానించిన పిల్లవాడు, తన ఇంటి గడప వరకు వచ్చి అడిగే మనిషి ఉన్నప్పుడు బడిలో నిలబడగలడని ఆ అనుభవం నిరూపించింది.

6. మార్గదర్శనం పనిచేసే విధానం:

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. నాలుగవ తరగతి చదివే బాలుడు. తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడాల పనిలో ఉన్నారు. తాను అవ్వ దగ్గర ఉంటున్నాడు. తెలుగు వాచకం చదవమని లేపిన ప్రతిసారీ పక్కవాణ్ణి కొడుతున్నాడు. ఉపాధ్యాయుడు అతణ్ణి బయట నిలబెడుతున్నాడు. పైకి ఇది శిక్ష. పిల్లవాడి దృష్టిలో ఇది విడుదల. బయట నిలబడినంతసేపూ చదవనవసరం లేదు, ఎవరూ నవ్వరు. కొట్టడం అతనికి ఉపయోగపడుతున్నది కనుక కొట్టడం కొనసాగుతుంది. దండన ఇక్కడ తాను ఆపదలచిన ప్రవర్తననే పోషిస్తున్నది.

సాయంకాలం వాడలోని అరుగు మీద అదే బాలుణ్ణి “ఎందుకు కొట్టినావు?” అని నిలదీస్తే సమాధానం రాదు. “ఏమైంది నాయనా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?” అని పక్కన కూర్చొని అడిగే అక్కకు, బహుశా మూడవ వారంలోనో నాలుగవ వారంలోనో, “నాకు చదివేకి రాదక్కా” అన్న సమాధానం వస్తుంది. ఆ ఒక్క వాక్యంతో సమస్య పేరు మారుతుంది. ‘మొండితనం’ అనుకొన్నది ‘చదవలేకపోవడం’ అవుతుంది. చదవలేకపోవడానికి చికిత్స ఉంది. రోజూ పావుగంట, నవ్వేవారు లేని చోట, తెలియని మాటకు కన్నడంలో అర్థం చెబుతూ చదివించడమే ఆ చికిత్స.

ఈ మార్పులో నాలుగు అంశాలు కలిసి పనిచేస్తాయి. మొదటిది, ప్రవర్తన వెనుక ఉన్న అవసరం బయటపడటం. రెండవది, పిల్లవాడి గురించి ఊరిలో మరొక అభిప్రాయం పుట్టడం. మార్గదర్శకురాలు అతనికి దీపం వెలిగించే పనో, చాపలు పరిచే పనో అప్పగిస్తే, ‘కొట్టేవాడు’ అన్న పేరు పక్కన ‘పని చేసేవాడు’ అన్న పేరు నిలుస్తుంది. మూడవది, కోపం వచ్చినప్పుడు ఏమి చేయాలో కళ్లెదుట చూసి నేర్చుకోవడం. ఉపదేశంకంటే అనుకరణ ద్వారానే పిల్లలు ఎక్కువగా నేర్చుకుంటారు. నాలుగవది, ఖాళీ సాయంత్రం నిండటం. బడి విడిచిన వేళకూ పెద్దలు పని నుండి తిరిగి వచ్చే వేళకూ మధ్య కాలం పిల్లలకు పర్యవేక్షణ తక్కువైన కాలం.

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, కుటుంబ కలహం వంటి అనేక ప్రతికూలతల నడుమ పెరిగిన పిల్లల్లో సుమారు మూడో వంతు మంది సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వారి జీవితాల్లో కనిపించిన సామాన్యాంశాల్లో ఒకటి, తల్లిదండ్రులే కానక్కరలేదు, ఆప్యాయత చూపే నమ్మదగిన పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. మన ఉమ్మడి కుటుంబంలో తాత, మేనమామ, పిన్నమ్మ ఈ స్థానాన్ని నింపేవారు. వలస ఆ స్థానాన్ని ఖాళీ చేసిన చోట ఊరు దాన్ని నింపవలసి ఉంది.

7. పరిమితులు, హెచ్చరికలు:

మార్గదర్శనాన్ని సర్వరోగ నివారిణిగా వర్ణించడం పరిశోధన దృష్టికి సరిపడదు. అమెరికాలో ‘బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్’ సంస్థ కార్యక్రమంపై 1995లో వెలువడిన అధ్యయనం 10 నుండి 16 ఏళ్ల వయసు గల 959 మందిని పరిశీలించింది. మార్గదర్శకులు లభించిన పిల్లలు ఇతరులను కొట్టిన సందర్భాలు సుమారు మూడో వంతు తక్కువగా నమోదయ్యాయి. అయితే 2011లో డేవిడ్ డుబోయ్ బృందం 73 కార్యక్రమ మూల్యాంకనాలను కలిపి పరిశీలించినప్పుడు మొత్తం ప్రభావం మితమైనదిగానే తేలింది. ఫలితం ఉంది, అద్భుతం లేదు.

అంతకంటే ముఖ్యమైనది కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939 నుండి 1945 వరకు సాగిన ఈ ప్రయత్నంలో 506 మంది బాలుర వివరాలను సరిపోల్చారు. సగం మందికి సలహాదారుల తోడ్పాటు, చదువు సహాయం, వేసవి శిబిరాలు లభించాయి. సుమారు 30 ఏళ్ల తరువాత జోన్ మెకార్డ్ వారి జీవితాలను పరిశీలించి 1978లో ఫలితాలను ప్రకటించారు. సహాయం పొందిన చాలామంది దాన్ని కృతజ్ఞతతో తలచుకున్నారు. అయినా నేరం, మద్యపానం, ఆరోగ్యం వంటి కొన్ని కొలమానాల్లో సహాయం పొందనివారికంటే వారి స్థితి అధ్వానంగా ఉంది. 1999లో డిషన్, మెకార్డ్, పూలిన్ చేసిన విశ్లేషణ, ఒకటికంటే ఎక్కువసార్లు శిబిరాలకు వెళ్లిన బాలురలో ఈ హాని ఎక్కువగా కనిపించిందని చూపింది. సమస్యలున్న పిల్లలను మాత్రమే ఒకచోట చేర్చితే వారు ఒకరి నుండి ఒకరు దుడుకుతనాన్నే నేర్చుకునే ప్రమాదముందని ఆ పరిశోధకుల వివరణ.

కాలవ్యవధి కూడా కీలకమే. గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఏడాది, అంతకు మించి నిలిచిన సంబంధాలు ఎక్కువ మేలు చేశాయి. మూడు నెలలలోపే తెగిపోయిన సంబంధాల్లో పిల్లల ఆత్మగౌరవం ముందుకంటే తగ్గింది. తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లవాడికి ఇది మరీ వర్తిస్తుంది. ఒకసారి విడిచి వెళ్లినవారిని చూసిన బాలుడు రెండవసారి కూడా అదే చూస్తే, మనుషులు నిలవరన్న నమ్మకం గట్టిపడుతుంది. ఒక సెలవు కాలంలో ఉత్సాహంగా వచ్చి ఛాయాచిత్రాలు తీసుకొని వెళ్లే విద్యార్థి బృందాల కార్యక్రమాలను కళాశాల అధ్యాపకులుగా మనం ఈ దృష్టితో పునఃపరిశీలించుకోవలసి ఉంది.

8. ఆచరణకు కొన్ని ప్రతిపాదనలు:

రొళ్ల వంటి ప్రాంతంలో ఈ విధానాన్ని చేపట్టదలచినవారు గమనించదగిన అంశాలివి.

అ) పిల్లల కూర్పు మిశ్రమంగా ఉండాలి. పదిమంది బృందంలో ప్రవర్తనా సమస్యలున్నవారు ఒకరిద్దరు మాత్రమే ఉండాలి. వారి కోసమే బృందం ఏర్పడిందని పిల్లలకు తెలియనవసరం లేదు.

ఆ) మార్గదర్శకులు స్థానికులై, తెలుగు–కన్నడాలు రెండూ తెలిసినవారై, కనీసం ఒక విద్యాసంవత్సరం నిలిచేవారై ఉండాలి. వెళ్లిపోక తప్పనప్పుడు పిల్లలకు ముందుగా చెప్పి, వచ్చే వ్యక్తిని పరిచయం చేసి వెళ్లాలి.

ఇ) మొదట ఆరోగ్య పరీక్ష జరగాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు చూపు, వినికిడి, ఎదుగుదల లోపాలను పరీక్షిస్తారు. వినిపించని పిల్లవాణ్ణి ‘మాట వినడు’ అనడం కంటే అన్యాయం ఉండదు.

ఈ) భద్రతకు ప్రథమ స్థానం ఇవ్వాలి. మార్గదర్శనం నలుగురికీ కనిపించే చోట – బడి వరండా, పంచాయతీ గ్రంథాలయం, వాడ అరుగు – జరగాలి. మూసిన గదిలో ఒంటరిగా జరగరాదు. లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం (పోక్సో), 2012 గురించి మార్గదర్శకులకు తెలిసి ఉండాలి. హింస జరుగుతున్నట్లు తెలిస్తే 1098కి తెలియజేయాలి. తీవ్రమైన మానసిక సమస్యలకు 14416 నంబరు గల టెలీ మానస్ సేవను, వైద్యులను ఆశ్రయించాలి.

ఉ) బడితో సంబంధం తెగరాదు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని నిషేధిస్తుంది. 24వ సెక్షన్ ప్రతి బాలుని అభ్యసన స్థాయిని గుర్తించి, అవసరమైతే అదనపు బోధన అందించే బాధ్యతను ఉపాధ్యాయునికి అప్పగిస్తుంది. కనుక మార్గదర్శనం బడికి పోటీ కారాదు. బడి బాధ్యతకు మినహాయింపు కూడా కారాదు. వారానికొకసారి మార్గదర్శకులు ఉపాధ్యాయునితో మాట్లాడి, ఆ పిల్లవాడు చేసిన ఒక మంచి పనినైనా తెలియజేయడం మేలు.

9. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ‘ప్రవర్తనా సమస్య’ అనేది చాలా సందర్భాల్లో బయటకు చెప్పుకోలేని అవసరం. దాన్ని మొండితనమని పిలిచే మన భాషే కారణాన్వేషణకు అడ్డు వస్తున్నది.

2. సరిహద్దు ప్రాంతంలో ఇంటి భాష తెలిసిన మార్గదర్శకుని తోడు పిల్లవాడికి మాట తిరిగి ఇస్తుంది. మాట వచ్చిన పిల్లవాడికి చేతితో చెప్పవలసిన అవసరం తగ్గుతుంది.

3. పిల్లలు పిల్లలకు, పెద్దలు పిల్లలకు తోడుగా నిలిచే పద్ధతి ఈ ప్రాంతపు వీధిబడుల్లో 1823 నాటికే ఉంది. కోదండాన్ని విడిచి ఆ తోడును తిరిగి చేపట్టడం మన సంప్రదాయానికి విరుద్ధం కాదు.

4. మార్గదర్శనం మితమైన, కాని విలువైన ఫలితాన్నిస్తుంది. నిలకడ లేని మార్గదర్శనం హాని చేస్తుంది.

మడకశిర ప్రాంత గ్రామాల్లో వాడల చివర సాయంకాలపు చదువులు, బడి మానిన పిల్లల కథనాలు, ద్విభాషా బాల్యపు అనుభవాలు తెలుగు శాఖల పరిశోధనలో ఇంకా చోటు కోరుతున్నాయి. మాండలికాన్ని సేకరించడానికి గ్రామాలకు వెళ్లే మన పరిశోధకులు పెద్దల పదాలతో పాటు, తరగతి బయట నిలబడిన పిల్లవాడి మాటను కూడా నమోదు చేయగలిగితే, ఆ నమోదు భాషాపరిశోధనకు ఎంత ఉపకరిస్తుందో ఆ పిల్లవాడికీ అంత ఉపకరిస్తుంది.